కుంకుడు రసం కంట్లో పడితే

బెంగళూరులో తెలుగు కుటుంబాల మహిళలు ఒక ఆదివారం ఉదయం ఆరోగ్య సభ ఏర్పాటు చేసుకున్నారు. ఔషధ మొక్కల రసాయన శాస్త్రాన్ని బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలు, మొక్కల నుంచి తీసే గర్భనిరోధక మందుల గురించి ఆ సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకునేందుకు రికార్డింగు విని రాశాం. తడబాట్లను మాత్రమే తీసేశాం.

నమస్కారం. వెనుక వరుసలో ఉన్నవారికి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. ఈ రోజు మాట్లాడుకోబోయే విషయంలో మొహమాటం వల్ల ఇప్పటికే చాలా నష్టం జరిగింది.

వారం రోజులుగా ఈ హాలు గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టి, పేరు రాయకుండా ప్రశ్నలు వేయమన్నారట. నిన్న సాయంత్రం ఆ చీటీలన్నీ నాకు ఇచ్చారు. కూర్చుని ఒక్కొక్కటే చదివాను. సగానికి పైగా చీటీల్లో ఒకటే ప్రశ్న, రకరకాల చేతిరాతల్లో. మాత్రలు పడటం లేదు. లూప్ వేయించుకుంటే రక్తస్రావం ఎక్కువైంది. ఆపరేషన్‌కు ఇంకా మనసు రావడం లేదు. రసాయనాలు లేకుండా, ఏదో ఒక చెట్టు నుంచి వచ్చినది, అవసరమైన రోజున మాత్రమే వాడుకునేది ఏమీ లేదా? ఒక చీటీలో ఈ ప్రశ్న కింద ఇంకో వాక్యం ఉంది. "మా ఆయనను అడగవలసిన పని లేకుండా." ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఆ చీటీ రాసిన అమ్మాయి ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుంది. అమ్మా, నీ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానం ఈ పాటికి దొరికి ఉండవలసింది. ఎందుకు దొరకలేదో, ఎంతవరకు వచ్చి ఆగిందో చెప్పడానికే నేను వచ్చాను.

ముందు మన సంగతి మనం చూసుకుందాం. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో పెళ్లయిన స్త్రీలలో ప్రతి 100 మందికి దాదాపు 38 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య దాదాపు 70. తెలంగాణలో 60 దాటింది. మగవారి ఆపరేషన్ సంగతి ఏమిటి? దేశం మొత్తం మీద 0.3 శాతం. వంద మందిలో ఒక్కరు కూడా కాదు. అంటే మన ఇళ్లలో ఆడపిల్లకు పెళ్లవుతుంది, ఇద్దరు పిల్లలు పుడతారు, ఆపరేషన్ అయిపోతుంది. మధ్యలో ఇంకేమీ లేదు. పెళ్లికీ ఆపరేషన్‌కీ మధ్య ఉన్న ఆ కొన్నేళ్లలో ఒక ఆడపిల్ల తన శరీరం గురించి తానే నిర్ణయించుకోవడానికి చేతిలో ఏముండాలి? చెట్టు మందు గురించిన ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

మీరు ఇప్పుడు కూర్చున్న ఈ ఊరికి ఈ విషయంలో ఒక పాత గౌరవం ఉంది. 1930లో, ఈ ఊరు అప్పుడు ఉన్న మైసూరు సంస్థాన ప్రభుత్వం గర్భనిరోధ క్లినిక్కులు తెరిచింది. ఒక ప్రభుత్వమే పూనుకుని అలాంటివి తెరవడం ప్రపంచంలో అదే మొదటిసారి అని చరిత్రకారులు రాస్తారు. తొంభై ఏళ్లు దాటిపోయాయి. అదే నేల మీద కూర్చుని పేరు రాయని చీటీల్లో అడుగుతున్నాం. సరే, విషయంలోకి వద్దాం.

చీటీల్లో అడిగినట్టు అవసరమైన రోజున మాత్రమే వాడుకునే మందు స్పెర్మిసైడ్. అంటే ఏమిటి? వీర్యకణాలను యోనిలోనే చంపేది, లేదా కదలకుండా చేసేది. క్రీము కావచ్చు, నురగ కావచ్చు, లోపల పెట్టుకుంటే కరిగే బిళ్ల కావచ్చు. చెప్పడానికి తేలిక. చేయడం ఎంత కష్టమో చూడండి. ఒక్కసారి వెలువడే వీర్యంలో కోట్ల కణాలు ఉంటాయి. సాధారణంగా ఇరవై కోట్ల పైమాటే. అందులో కొన్ని నిమిషాల్లోనే గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురులోకి చేరిపోతాయి. ఒకసారి ఆ జిగురులోకి వెళ్లాయంటే యోనిలో ఉన్న ఏ మందూ వాటిని అందుకోలేదు. అందుకే ప్రయోగశాలలో ఒక పరీక్ష ఉంది. మందును వీర్యంలో కలిపి 20 సెకన్లు చూస్తారు. ఇరవై సెకన్లే. అన్ని కణాలూ కదలడం ఆగిపోవాలి. ఒక్కటి కదిలినా ఆ గాఢత చాలదని లెక్క.

ఇంకో సంగతి ఉంది. ఇరవై సెకన్లలో కోట్ల కణాలను ఆపే మందు, పక్కనే ఉన్న యోని గోడను ముట్టకూడదు. అక్కడ మన మేలు కోరే సూక్ష్మజీవులు ఉన్నాయి. లాక్టోబాసిల్లై అంటాం. పాలను పెరుగు చేసే జాతివి. అవి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి అక్కడి పులుపును కాపాడతాయి. ఆ పులుపే మనకు రక్షణ. వాటినీ ముట్టకూడదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను. చంపవలసినదాన్ని చంపాలి, పక్కదాన్ని ముట్టకూడదు.

ఇప్పుడు మందుల దుకాణాల్లో దొరికే స్పెర్మిసైడ్లలో ఎక్కువ భాగం నొనాక్సినాల్-9 అనే రసాయనంతో చేసినవి. ఇది డిటర్జెంటు జాతిది. బట్టల సబ్బు జిడ్డును ఎలా కరిగిస్తుందో, ఇది వీర్యకణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను అలా కరిగిస్తుంది. దశాబ్దాల పాటు దీన్ని ప్రమాదం లేనిదనే అనుకున్నారు. అంతే కాదు, గాజు గొట్టంలో ఇది ఎయిడ్స్ వైరస్‌ను కూడా చంపింది. ఎందుకు? ఆ వైరస్ చుట్టూ కూడా కొవ్వు పొరే ఉంటుంది కాబట్టి. ఎంత ఆశ పుట్టి ఉంటుందో ఆలోచించండి. గర్భాన్నీ ఆపుతుంది, ఎయిడ్స్‌నూ ఆపుతుంది. ఆడవారి చేతిలో ఉంటుంది.

పరీక్షించారు. బెనిన్, ఐవరీ కోస్ట్, దక్షిణాఫ్రికా, థాయిలాండ్ దేశాల్లో, సెక్స్ వర్కర్లుగా బతుకుతున్న స్త్రీల మీద. సగం మందికి నొనాక్సినాల్-9 జెల్, సగం మందికి మందు లేని జెల్. ఫలితం 2000లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జరిగిన ఎయిడ్స్ మహాసభలో బయటపెట్టారు, 2002లో పూర్తిగా అచ్చయింది. మందు వాడిన వైపు 59 మందికి వైరస్ సోకింది. మందు లేని వైపు 45 మందికి. అర్థమైందా? కాపాడుతుందనుకున్నది ప్రమాదాన్ని పెంచింది. రోజులో ఎక్కువసార్లు వాడినవారికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఆ డిటర్జెంటు వీర్యకణం పొర దగ్గర ఆగలేదు. యోని లోపలి పొరను కూడా గీకింది. పొర గీసుకుపోయిన చోట వాపు వస్తుంది, వాపు వచ్చిన చోట వైరస్‌కు దారి దొరుకుతుంది. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎయిడ్స్ ప్రమాదం ఎక్కువగా ఉన్న స్త్రీలు దీన్ని వాడవద్దని చెప్పింది. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ డబ్బా మీద హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది.

ఆ పరీక్షలో పాల్గొన్న స్త్రీలను తలచుకోకుండా నేను ఈ కథ ఎప్పుడూ చెప్పను. వారు ఒప్పుకోకపోతే ఈ నిజం మనకు తెలిసేది కాదు.

ఇక్కడే అందరూ అంటారు, "చూశారా, అందుకే రసాయనాలు వద్దు, చెట్టు మందు కావాలి" అని. ఆ మాట అనుకునే ముందు నాతో పాటు ఒకసారి మీ చిన్నతనానికి రండి.

ఆదివారం తలంటు. మా నాయనమ్మ కుంకుడుకాయలు రాతి మీద పెట్టి కొట్టి, గింజలు తీసి, పెచ్చులు వేడినీళ్లలో పిసికేది. నురగ వచ్చేది. పీట మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేది. ఎంత గట్టిగా మూసుకున్నా ఒక చుక్క కంట్లోకి వెళ్లేది. ఆ మంట ఎలా ఉంటుందో మీలో ఎవరికి తెలియదు, చెప్పండి? ఇక్కడున్న చిన్నపిల్లలకు తెలియకపోవచ్చు, షాంపూ తరం వారు. మిగతావారందరికీ తెలుసు. కళ్లు ఎర్రబడి, సాయంత్రం వరకు నీరు కారేది.

అంత మంట ఎందుకు? కుంకుడులో సాపోనిన్లు అనే పదార్థాలు ఉన్నాయి. చెట్టు తయారుచేసుకునే సబ్బు అన్నమాట. నేను ఇరవై ఏళ్లకు పైగా విద్యార్థుల చేత చేయించిన ఒక ప్రయోగం చెబుతాను. రెండు గాజు గొట్టాలు. రెండింటిలోనూ ఉప్పునీటిలో కలిపిన రక్తం. మబ్బుగా, ఎర్రగా ఉంటుంది, అవతలి వైపు కనిపించదు. ఒకదాంట్లో కుంకుడు నీళ్లు నాలుగు చుక్కలు వేయండి. కాసేపటికి ఆ గొట్టంలోని ఎరుపు తేటపడుతుంది. గొట్టం వెనుక పుస్తకం పెడితే అక్షరాలు చదవవచ్చు. ఏమైంది? ఎర్ర రక్తకణాల పొరలు పగిలిపోయి, లోపలి రంగు నీళ్లలో కలిసిపోయింది. సాపోనిన్ వెళ్లి కణం పొరలో ఉన్న కొలెస్టరాల్‌ను పట్టుకుంటుంది. పొరకు చిల్లులు పడతాయి.

వీర్యకణం పొరలో కూడా కొలెస్టరాల్ ఉంది. కాబట్టి కుంకుడు వీర్యకణాన్ని చంపుతుందా? చంపుతుంది. చాలా బాగా చంపుతుంది. యోని గోడ కణాల పొరలో కొలెస్టరాల్ లేదా? ఉంది. కంటి పొరలో లేదా? ఉంది. ఇప్పుడు నన్ను అడగండి, కుంకుడు సహజమైనదే కదా అని.

సబ్బు చెట్టుకు కాసినా సబ్బే. ఇంకా మాట్లాడితే, చెట్టు మందే మొదటిది, డిటర్జెంటు తర్వాత వచ్చింది. దాదాపు 3,500 ఏళ్ల కిందటి ఈజిప్టు వైద్య పత్రం ఒకటి ఉంది. తుమ్మ, ఖర్జూరం, తేనె కలిపి నూరి, దూదిలాంటి పీచుకు అద్ది లోపల పెట్టుకోమని అందులో రాసి ఉంది. తుమ్మ జిగురు పులిస్తే లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. వారికి ఆమ్లం పేరు తెలియకపోవచ్చు, పని తెలిసింది. నిమ్మరసంలో ముంచిన స్పాంజి ముక్కను వాడినవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. 1880లలో లండన్‌లో ఒక ఔషధ విక్రేత దుకాణంలో అమ్మిన మొదటి బిళ్లలు కూడా చెట్టు సరుకే. సింకోనా బెరడు నుంచి తీసిన క్వినైన్, కోకో వెన్న. మలేరియాకు వాడే ఆ క్వినైనే.

మన దేశంలో జరిగిన పని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఎందుకంటే దీని గురించి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండదు, పత్రికల్లో రాదు. నేను ఈ పనిని చదువుతూ పెరిగినదాన్ని.

లక్నోలో కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఉంది. 1970లలోనే వారు మన దేశపు మొక్కల సాపోనిన్లను ఒక్కొక్కటిగా వీర్యకణాల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. వారు ఎంచుకున్నది ఉత్తరాది కుంకుడు, రీఠా అంటారు అక్కడ. మన తోటల్లో పెరిగేది దానికి సోదర జాతి. 1989లో వారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాలు అచ్చువేశారు. రీఠా సాపోనిన్ తగిలిన వీర్యకణం తల మీద పొర బుడగలు లేచి చిట్లిపోయి ఉంటుంది ఆ చిత్రాల్లో. ఆ సాపోనిన్‌తోనే కాన్‌శాప్ అనే క్రీము తయారుచేశారు. తర్వాత 2008లో అదే సంస్థవారు ఇంకో మంచి విషయం చూపించారు. ట్రైకోమోనాస్ అని తెల్లబట్టకు కారణమయ్యే ఒక పరాన్నజీవి ఉంది. వీర్యకణాలను చంపడానికి కావలసిన మోతాదులో పదో వంతుతోనే అది చచ్చిపోయింది. అంటే ఒకే పదార్థం మోతాదును బట్టి ఒకదాన్ని చంపి ఇంకొకదాన్ని వదలగలదు. ఆశ పుట్టించే సంగతి ఇదే. సాపోనిన్‌ను నేను కొట్టిపారేయడం లేదు. మోతాదు తెలియని సాపోనిన్‌ను వద్దంటున్నాను. ఈ రెండూ ఒకటి కాదు.

ఇక వేప. వేప గురించి చెప్పకపోతే మీరు నన్ను ఇంటికి వెళ్లనివ్వరని తెలుసు. ఢిల్లీలో రక్షణ శాఖకు చెందిన ఒక పరిశోధన సంస్థ 1984లో వేపనూనె మీద పరిశోధన ప్రచురించింది. నూనె తగిలిన 30 సెకన్లలో వీర్యకణాలు పూర్తిగా కదలడం మానేశాయి. తర్వాత అదే సంస్థవారు నూనెలో తేలికగా ఆవిరయ్యే భాగాన్ని విడదీసి, నిమ్-76 అని పేరుపెట్టి పరీక్షించారు. మరోవైపు ఢిల్లీలోనే జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో, దాని వ్యవస్థాపక సంచాలకులు డాక్టర్ జి.పి. తల్వార్ ఆధ్వర్యంలో ప్రానీమ్ అనే మందు తయారైంది. వేపగింజల సారం, రీఠా సాపోనిన్, క్వినైన్ ఉప్పు, ఈ మూడింటి కలయిక. మూడు చెట్లు! క్రీముగా చేశారు, బిళ్లగా చేశారు. స్త్రీల మీద పరీక్షలూ జరిగాయి.

మరి ఏమయ్యాయి ఇవన్నీ? మన వీధి చివర మందుల దుకాణానికి వెళ్లి అడిగితే ఎందుకు దొరకవు?

కారణం ఒక్కటి కాదు. మొదటిది, చెట్టు గుళిక కాదు. ఒక వేపచెట్టు గింజలో ఉన్న పదార్థాల పాళ్లు ఇంకో చెట్టు గింజలో ఉండవు. వాన ఎక్కువ పడిన ఏడాది ఒకలా, ఎండిన ఏడాది ఒకలా. గింజ నిల్వ ఉంచిన గదిలో తేమ ఉంటే బూజు పడుతుంది. కూరలో కరివేపాకు ఘాటు తగ్గితే ఇంకో రెమ్మ వేస్తాం. గర్భనిరోధక మందులో అలా కుదరదు. ప్రతి బిళ్లలో ఒకే బలం ఉండాలి. 2015లో మన ప్రభుత్వం మొక్కల నుంచి తీసిన శుద్ధ ఔషధాలకు ప్రత్యేక నిబంధన తెచ్చింది. కనీసం నాలుగు పదార్థాలను గుర్తించి, కొలిచి చూపించాలి. నేను దీన్ని మనసారా సమర్థిస్తాను. ఇది చెట్టు మందును అణచడానికి కాదు, దాన్ని మందుగా గౌరవించడానికి.

రెండవది, డబ్బు. మనుషుల మీద పరీక్షలకు కోట్లు కావాలి. చౌకగా అమ్మవలసిన మందుకు, అదీ పేద ఆడవారు వాడే మందుకు, అంత డబ్బు పెట్టడానికి ఎవరూ ఉత్సాహంగా ముందుకు రారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, దాచుకోను. లోపం వేపలో లేదు, కుంకుడులో లేదు. నలభై ఏళ్ల పనిని చివరి గడప దాకా తెచ్చి అక్కడే వదిలేయడంలో ఉంది.

మూడవది నొనాక్సినాల్-9 నేర్పిన పాఠం. 2000 తర్వాత, డిటర్జెంటు పద్ధతిలో పొరను చీల్చే ప్రతి మందునూ అనుమానంగా చూడటం మొదలైంది. సాపోనిన్ కూడా ఆ వరుసలోకి వచ్చింది. అది తప్పు అని నేను అనలేను. కుంకుడు రసం కంట్లో పడినవారెవరూ అనలేరు.

అయితే పొరను చీల్చకుండా వీర్యకణాన్ని ఆపలేమా? ఆపవచ్చు. ఇప్పుడు జరుగుతున్న పనిలో నాకు బాగా నచ్చే భాగం ఇదే, కొంచెం ఓపిక పట్టండి.

యోనిలో సహజంగా పులుపు ఉంటుందని చెప్పాను కదా. కొలమానంలో చెబితే పి.హెచ్. 3.8 నుంచి 4.5 వరకు. ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. వీర్యం క్షారగుణం కలది, 7 దాటి ఉంటుంది. అది రాగానే అక్కడి పులుపు విరిగిపోతుంది, అందుకే వీర్యకణాలు బతుకుతాయి. ఆ పులుపు విరగకుండా కాపాడితే? కణాలు వాటంతట అవే కదలలేవు. ఈ ఆలోచనతో చేసిన జెల్‌కు 2020 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. అందులో ఉన్నవి ఏమిటో వినండి. పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం. నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లం. ద్రాక్షసారాయి పీపాల్లో పేరుకునే ఒక పొటాషియం ఉప్పు, అది మన చింతపండులోని పులుపుకు దగ్గరి బంధువు. పెరుగు, నిమ్మ, చింతపండు! మన వంటిల్లే కదా. కానీ ఏడు నెలసరుల పాటు వాడిన స్త్రీలలో 100 మందికి దాదాపు 14 మందికి గర్భం వచ్చింది. కొందరికి మంట, దురద కూడా ఉన్నాయి. మంచి అడుగే, చివరి అడుగు కాదు.

వంటిల్లు అన్నానని ఇంటికి వెళ్లి నిమ్మకాయ పిండుకోకండి. దయచేసి వినండి. పలుచని నిమ్మరసం గాజు గొట్టంలో వీర్యకణాలను ఆపుతుంది, నిజమే. చిక్కని రసాన్ని స్త్రీల మీద పరీక్షిస్తే లోపలి పొర లోతుగా దెబ్బతిన్నది. అదే సమస్య మళ్లీ, చూశారా? చంపవలసినదాన్ని చంపింది, పక్కదాన్ని వదలలేదు.

ఇంకో దారి మామిడిపండులో ఉంది. ఆశ్చర్యంగా ఉందా? వీర్యకణం అండం దగ్గరికి చేరాక తోకను కొరడాలా బలంగా ఝాడించాలి. అప్పుడే అండం చుట్టూ ఉన్న కవచాన్ని ఛేదించగలదు. తోకలో కాల్షియం లోపలికి రావడానికి ఒక చిన్న ద్వారం ఉంది, అది తెరుచుకుంటేనే ఆ బలం వస్తుంది. మామిడిలోనూ కలబందలోనూ ఉండే లూపియోల్ అనే పదార్థం, చైనా మూలికా తీగ ఒకదానిలో ఉండే ప్రిస్టిమెరిన్ అనే పదార్థం, ఆ ద్వారం తెరుచుకోకుండా చేస్తాయని 2017లో అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. చంపడం లేదు, గీకడం లేదు, తోకకు ఆ చివరి బలం రాకుండా చేయడం మాత్రమే. ఎంత సున్నితమైన ఆలోచన! నేను ఆ వ్యాసం చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి సంవత్సరమే వేరే బృందం అదే ప్రయోగాలు చేసి, తమకు ఆ ఫలితం రాలేదని రాసింది. శాస్త్రం ఇలాగే నడుస్తుంది. ఒకరు చెప్పినది ఇంకొకరి చేతిలో కూడా నిలవాలి. ఈలోగా బంగినపల్లి తింటే గర్భం రాదని ఎవరైనా ఫోనులో సందేశం పంపితే నమ్మకండి. మామిడిపండు హాయిగా తినండి, దాని లెక్క వేరు.

మూడవ దారిలో మొక్క మందు కాదు, కర్మాగారం. పొగాకుకు దగ్గరి చుట్టమైన ఒక మొక్క ఉంది. ప్రకాశం జిల్లావారు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారా, మంచిది. ఆ మొక్క ఆకుల్లో ఒక ప్రతిరక్షకాన్ని, అంటే మన శరీరం రక్షణ కోసం తయారుచేసుకునే యాంటీబాడీ లాంటిదాన్ని, పండిస్తున్నారు. అది వీర్యకణాలను ఒకదానికొకటి అతికించి ముద్ద చేస్తుంది. ముద్దయినవి ముందుకు ఈదలేవు. ఆ ప్రతిరక్షకం మొదట దొరికింది పిల్లలు కలగని ఒక స్త్రీ శరీరంలో. ఒకరికి దుఃఖం తెచ్చినది ఇంకొకరికి రక్షణ కావచ్చునని ఆలోచించినవారికి నేను నమస్కరిస్తాను. పలుచని పొరగా చేసి, లోపల పెట్టుకుంటే కరిగేలా తయారుచేశారు. కొద్దిమంది దంపతుల మీద చేసిన మొదటి పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ముఖద్వారం జిగురులో ఈదే కణాలు బాగా తగ్గాయి. యోని గోడలో ఆ ప్రతిరక్షకం పట్టుకునే గుర్తు ఏదీ లేదు, కాబట్టి గోడ జోలికి వెళ్లదు. ఇందాకటి నుంచి నేను చెబుతున్న షరతుకు నాకు కనిపించినంతలో ఇది అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది.

ఇప్పుడు కష్టమైన మాట ఒకటి. చిన్నతనంలో మా ఇంట్లో పని చేసిన ఆమె చెల్లెలు, పందొమ్మిదేళ్ల పిల్ల, మూడో నెలలో ఎవరో ఇచ్చిన చిత్రమూలం వేరు లోపల పెట్టుకుంది. చెట్టు మందే కదా, ఏమీ కాదన్నారట. నాలుగు రోజులు జ్వరం, రక్తస్రావం. పట్నం తీసుకువెళ్లేసరికి ఆలస్యమైంది. నేను ఈ చదువు చదవడానికి ఆమె కూడా ఒక కారణం. గర్భం రాకుండా ఆపడం వేరు, వచ్చిన గర్భాన్ని తీయడం వేరు. రెండవదానికి ఏ వేరూ, ఏ చెట్టు పాలూ, ఏ గింజా వాడకూడదు. గురివింద గింజలో ఉన్నది ప్రాణాలు తీసే విషం. గర్భం తీయించుకోవడానికి మన దేశంలో 1971 నుంచి చట్టం ఉంది. 2021లో దాన్ని సవరించారు. ఇప్పుడు పెళ్లి కాని స్త్రీ కూడా చట్టబద్ధంగా డాక్టరు దగ్గరికి వెళ్లవచ్చు. వెళ్లండి. మీ అమ్మాయిలను పంపండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఈ మాట చెప్పండి.

మిగిలిన చీటీల్లో మూడింటికి సమాధానం చెప్పి ముగిస్తాను.

ఒకరు అడిగారు, "ఇప్పుడు దొరికే స్పెర్మిసైడ్ బిళ్లలు వాడవచ్చా?" అని. ఒంటరిగా వాడితే ఏడాదిలో 100 మందికి 21 మంది గర్భవతులవుతారు. అదే కండోమ్‌తో 13 మంది, కాపర్-టీతో ఒక్కరి కంటే తక్కువ. కాబట్టి దాని మీదే ఆధారపడవద్దు. వాడితే పెట్టుకున్న తర్వాత కరగడానికి పది పదిహేను నిమిషాలు ఆగాలి, కలయిక తర్వాత ఆరు గంటల వరకు లోపల కడగకూడదు. చాలామంది వెంటనే కడుక్కుంటారు. అక్కడే మందు పోతుంది. భర్త నుంచి ఎయిడ్స్ సోకే భయం ఏ కొంచెం ఉన్నా మాత్రం అసలు వాడకండి, కండోమ్ తప్ప దారి లేదు.

రెండో చీటీ. "వేపాకు కషాయం తాగితే పనిచేస్తుందా?" నేను ఇందాక చెప్పిన పరిశోధనలన్నీ యోనిలో వాడే మందు గురించినవి, తాగే కషాయం గురించి కాదు. కషాయాన్ని నమ్ముకుని మిగతావి మానేయకండి. పసిపిల్లలకు వేపనూనె తాగించడం అసలే వద్దు. దానివల్ల పిల్లలకు మూర్ఛలు వచ్చి ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

మూడో చీటీ చిన్న అక్షరాలతో ఉంది. "మా అత్తగారు ఊరి నుంచి గానుగ వేపనూనె పంపారు. కండోమ్ వాడుతున్నాం, దాని మీద ఈ నూనె రాసుకుంటే రెండు రక్షణలు కదా?" కాదమ్మా. కండోమ్ రబ్బరుపాలతో చేసినది. వేపనూనె అయినా కొబ్బరినూనె అయినా, ఏ నూనె తగిలినా ఆ రబ్బరు పలచబడి చిరుగుతుంది. రెండు రక్షణలు కావు, ఉన్న ఒక్కటీ పోతుంది. ఇప్పటికే అలా వాడి ఉంటే, మూడు రోజులు దాటకపోతే, ఇక్కడి నుంచి నేరుగా మందుల దుకాణానికి వెళ్లి అత్యవసర గర్భనిరోధక మాత్ర అడుగు. డాక్టరు చీటీ అక్కరలేదు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఒంటరిగా వెళ్లడానికి ఇబ్బందిగా ఉంటే, సభ అయ్యాక నేను కింద మెట్ల దగ్గర నిలబడి ఉంటాను. నా పక్కన వచ్చి నడువు చాలు, దుకాణంలో నేను అడుగుతాను.